దుంపల కొట్టులో చీనా నావికుడు

చచ్చినవాడి కుడికాలి జోడు పొడిగా ఉంది. ఎడమకాలిది తడిగా ఉంది.

నేను మోకాళ్ళ మీద కూర్చుని రెంటినీ మళ్ళీ తడిమి చూశాను. పొరపాటు లేదు. నిన్న దీపాలు పెట్టిన కాసేపటికి మొదలైన వాన తెల్లారేదాకా కురిసింది. వాడు వానలో నడిచి వచ్చివుంటే రెండూ తడవాలి. వానకి ముందే వచ్చివుంటే రెండూ పొడిగా ఉండాలి. ఒకటి తడిసి ఒకటి ఆరివుందంటే, ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చి చచ్చివుండాలి.

"చూసింది చాలు మబుని గారూ," అన్నాడు రిన్ దుబాసీ గుమ్మంలోంచి. "జడతో ఉరి బిగించి చంపారు. చంపినవాడు బయట కట్లతో ఉన్నాడు. ఇంకా ఏం వెతుకుతున్నారు, దుంపల్లో బంగారమా?"

"మీరు చెప్పింది ఇంకోసారి చెప్పండి. మరిచిపోయాను."

"మీరు మరిచిపోయే మనిషి కాదు."

"అయినా చెప్పండి."

రిన్ నిట్టూర్చాడు. ముప్పై అయిదేళ్ళవాడు. మొహం నిండా మశూచి మచ్చలు. చీనా భాష మాట్లాడితే చీనావాళ్ళే తలలు ఊపుతారు. "రాత్రి రెండో జాము నగారా మోగాక రేవు మెట్ల మీదుగా ఇంటికి పోతున్నాను. జోరువాన. మెట్ల కింద ఈ నావికుడూ, పడవవాడు జిరా సారా తాగుతూ తిట్టుకుంటున్నారు. నేను మందలించి వెళ్ళిపోయాను. పొద్దున వీడు శవమయ్యాడు, వాడు శవం పక్కనే దొరికాడు. చిన్నపిల్లాడైనా లెక్క కట్టేస్తాడు."

"రెండో జాము తర్వాత. వానలో. మీ కళ్ళతో చూశారు."

"నా కళ్ళతో చూశాను. రాసుకోండి కావాలంటే."

రాసుకున్నాను.

శవం ఉన్నది చీనా రాయబారుల విడిదికి వెనక, చిలగడదుంపల కొట్టులో. మూడువందల పైచిలుకు మంది పరివారానికీ, వాళ్ళ కోసం మేపుతున్న పందులకీ సరిపడా దుంపలు చూరుదాకా పోసి ఉన్నాయి. ఆ గుట్ట వెనక వెల్లకిలా పడివున్నాడు నావికుడు. నీలం నూలు చొక్కా. నున్నగా గొరిగిన ముందుతల. వెనక నడుందాకా వచ్చే జడ. ఆ జడే రెండు చుట్లు చుట్టి మెడకి బిగించి ఉంది.

చీనాలో కొత్తవంశం వచ్చాక ప్రతి మగాడూ తల గొరిగి ఆ జడ వేసుకోవలసిందే. అది వాళ్ళ చక్రవర్తి వేసిన ముద్ర. ఆ ముద్రతోనే వాళ్ళ మనిషిని మా నేల మీద ఉరేశారు. మా రాజుగారి పట్టాభిషేక పత్రం తెచ్చిన రాయబారి అది విప్పకుండానే ఓడెక్కి పోతే? రెండు పదుల ఏళ్ళుగా ఆ కాగితం కోసమే మా ఉచినా దీవుల రాజ్యం ఎదురుచూస్తోంది.

"మిట్టమధ్యాహ్నం గావ్ దళపతి వస్తాడు," అన్నాడు రిన్. "రాయబారి అంగరక్షకులకి పెద్ద. దోషిని అప్పగిస్తామని మాటిచ్చాను. తల తీసి ఓడ కొయ్యకి వేలాడదీస్తారు. అక్కడితో వాళ్ళ కోపం చల్లారుతుంది."

"మాట ఇవ్వడానికి మీరెవరు? విచారణ అధికారిని నేను."

"చీనా మాట్లాడేది నేను." పెదవి విరిచాడు. "మీకు వచ్చిన చీనా ఎంత? 'తినండి', 'తాగండి', 'వందనం'. దళపతితో ఏం మాట్లాడతారు, భోజనానికి పిలుస్తారా?"

నిజమే. మిగతా దుబాసీలందరూ షురిలోని రాజుగారి కోటలో పట్టాభిషేకం తతంగం సాధన చేస్తున్నారు. ఒకర్ని పంపమని పొద్దున్నే కబురు పెట్టాను. ఇంకా ఎవరూ రాలేదు. ఎండ చూస్తే మధ్యాహ్నానికి రెండు ఘడియలే ఉంది.

మెడకి చుట్టిన జడ విప్పాను. విప్పగానే నా వేళ్ళు ఆగిపోయాయి. జడ బొటనవేలంత లావు, పాయలు పాయలుగా ఉంది. దాంతో బిగిస్తే మెడ మీద పాయల గుర్తులు పడాలి. కింద కనబడ్డది గడ్డిపరకంత సన్నటి గీత. నున్నగా, లోతుగా, చెవి కిందినుంచి చెవి కిందికి ఉంది. ఆ గీతలో ఒకచోట నీలం రంగు పోగు ఇరుక్కుని ఉంది. గోటితో తీశాను. పట్టుపోగు.

వీణ్ణి ముందు పట్టుతాడుతో చంపి, తర్వాత జడ చుట్టారు.

పోగుని కాగితంలో మడిచి నడికట్టులో దోపుకున్నాను. రిన్ గుమ్మంలో నిలబడి విసనకర్ర ఊపుకుంటున్నాడు, చూడలేదు.

"జిరాని లోపలికి తెండి," అన్నాను.

కాపలావాళ్ళు జిరాని ఈడ్చుకొచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయి. బండలాంటి భుజాలు. ముడిలోని ఇత్తడి పుల్ల జారి జుట్టు మొహం మీద పడుతోంది. పెదవి పగిలి ఉంది.

"నిన్న సాయంత్రం ఎక్కడున్నావ్?"

"దీపాలు పెట్టకముందే పడవ ఒడ్డుకి లాగేశాను దొరా. మబ్బు పట్టింది కదా. ఇంటికిపోయి పడుకున్నా. మా అమ్మని అడగండి."

"రాత్రి రేవు మెట్ల దగ్గర సారా తాగావట."

"సారాకి డబ్బులేవి దొరా? నాలుగు నెలల్నించి పడవకి పనే లేదు. యమాతో ఓడలన్నీ వెళ్ళిపోయాయి గదా. పదేళ్ళు వాళ్ళ మూటలు మోశాను, వాళ్ళ భాష కూడా వచ్చు నాకు, ఇప్పుడు..."

"నోర్ముయ్!" రిన్ ఒక్క అంగలో వచ్చి వాడి దవడ మీద విసనకర్రతో కొట్టాడు. "ఆ మాట ఇక్కడ ఎత్తుతావా? గాడిదా!"

జిరా బిత్తరపోయి చూశాడు. చీనావాళ్ళు ఉన్నన్నాళ్ళూ ఈ నాహా రేవులో 'యమాతో' అనే మాట ఎవరి నోటా రాకూడదని రాజాజ్ఞ. యాభై ఏళ్ళ కిందట, ఉత్తరాన సముద్రం అవతలి యమాతో దేశపు సైనికులు మమ్మల్ని ఓడించి నెత్తిన కూర్చున్నారు. ఆ సంగతి చీనాకి తెలియదు. తెలిస్తే మాతో తెగతెంపులే. తెలియనిచ్చామని యమాతోవాళ్ళకి తెలిస్తే మా మెడలు తెగుతాయి. అడకత్తెరలో పోకచెక్క మా రాజ్యం. అందుకే వాళ్ళ నలభై మంది అధికారుల్నీ కొండ అవతలి ఊరికి తరలించి దాచాం. వాళ్ళ నాణేలు, వాళ్ళ రాతలున్న పలకలు, ఆఖరికి వాళ్ళ తీరు చెప్పులు కూడా ఇళ్ళలోంచి మాయం చేశాం.

"ఇతన్ని ఎప్పుడైనా చూశావా?" శవాన్ని చూపించి జిరాని అడిగాను.

"లేదు దొరా. ఈ పొద్దున్నే, అమ్మ అరిస్తే లోపలికొచ్చి చూశా. అంతే."

వాడు చెప్పేది నిజమని నాకు అనిపించింది. కాని అనిపించడం సాక్ష్యం కాదు.

"దళపతికి ఎదురెళ్ళి తీసుకొస్తాను," అంటూ రిన్ బయల్దేరాడు. "ఈలోపు మీ సరదా తీర్చుకోండి."

అతను తిరిగినప్పుడు నడుముకి వేలాడుతున్న లక్క గొట్టం ఊగింది. రాయబారి కొలువులో పనిచేసే ఆరుగురు దుబాసీలకి రాజుగారు ఇచ్చిన ఉత్తరాల గొట్టం అది. ఇచ్చిన రోజు కొలువులో నేనూ ఉన్నాను. ఆరింటికీ నీలం పట్టుతాడే ఉంది.

రిన్ గొట్టానికి తెల్ల నూలుతాడు ఉంది.

రిన్ నాకు బద్ధశత్రువే. పదేళ్ళుగా కొలువులో నా ప్రతి విచారణకీ అడ్డం తగులుతూనే ఉన్నాడు. అయినా ఇంతటి పని చేస్తాడని కలలో కూడా అనుకోలేదు. పైగా ఎందుకు? చీనాలోని ఫూచౌ రేవునుంచి వచ్చిన ముక్కూమొహం తెలియని నావికుణ్ణి చంపితే ఇతనికేం వస్తుంది?

జిరాని బయటికి పంపి, వాడి తల్లిని పిలిపించాను.

ఊషి అవ్వకి అరవై దాటాయి. చేతుల వెనక నీలం పచ్చబొట్లు ముడతల్లో కలిసిపోయాయి. రోజూ పొద్దున రాయబారుల వంటశాలకి సోయాపాల టోఫు ఇచ్చి, పోతూ పోతూ కొట్టులో కుళ్ళిన దుంపలు తన పంది కోసం ఏరుకుపోతుంది. ఈ పొద్దున బుట్ట మొయ్యడానికి కొడుకుని వెంటబెట్టుకొచ్చింది. గుట్ట వెనక శవాన్ని మొదట చూసింది ఆమే.

వచ్చి నేల మీద కూలబడింది. శవం వైపు చూడలేదు.

"అవ్వా, చూడగానే ఏం చేశావ్?"

"అరిచాను దొరా."

"ఊ. అరిచావ్. తర్వాత అతని ఎడమకాలి జోడు ఎందుకు తొడిగావ్?"

ఆమె భుజాలు బిగుసుకున్నాయి.

"నేను తొడగలేదు దొరా."

"పెనుగులాటలో ఆ జోడు ఊడిపోయింది. అదుగో, అక్కడ దుంపల మధ్య అది పడ్డ చోటు ఇంకా అలాగే నొక్కుకుని ఉంది. ఎవరో దాన్ని తీసి తిరిగి తొడిగారు. తొడిగేముందు పాదం తడిగుడ్డతో తుడిచారు. ఆ తడే జోడులోకి దిగింది. వాసన చూశాను. సోయాపాలు విరిచిన పులుపు వాసన. రాయబారి ఓడ మీద టోఫు గుడ్డ నడుముకి దోపుకుని తిరిగే నావికులు ఎవరైనా ఉన్నారా?"

ఆమె చెయ్యి తెలియకుండానే నడుం దగ్గరి గుడ్డ మీదికి పోయింది.

"అవ్వా, నీ కొడుక్కి ఇంకో ఘడియ మాత్రమే ఉంది. శవం కాలు తుడిచి జోడు తొడిగావంటే, ఆ కాలు ఎవరూ చూడకూడదనుకున్నావ్. ఎందుకు?"

నేను లేచి, వంగి, ఆ ఎడమ జోడు లాగాను.

చిటికెనవేలూ, పక్కవేలూ గోళ్ళదాకా అతుక్కుని ఉన్నాయి. పుట్టుకతో వచ్చింది.

"కప్పండి దొరా! కప్పేయండి!" అవ్వ జోడు లాక్కోబోయింది. "ఆయన చూస్తాడు! చూస్తే నా జిరాని చంపేస్తాడు!"

"ఎవరు?"

"దుబాసీ."

"నువ్వు అరిచాక ఆయన ఎంతసేపటికి వచ్చాడు?"

"ఊపిరి తీసుకునేలోపు. కాపలావాళ్ళ కంటే ముందే. 'నిన్న సంతలో ఈ నావికుడు నీతో మాట్లాడాడని విన్నా. ఏం మాట్లాడాడో నోరు విప్పావా, నీ కొడుకు తల ఉండదు. మూసుకున్నావా, వాడికి ద్వీపాంతరంతో సరిపెడతా' అన్నాడు. ఆయన కాపలావాళ్ళని పిలవడానికి బయటికెళ్ళగానే ఆ కాలు తుడిచి జోడు తొడిగేశా, నేను గుర్తుపట్టానని ఆయనకి తెలియకూడదని."

రిన్ ఇల్లు కుమె ఊళ్ళో ఉంది. అక్కణ్ణించి కొట్టుకి రావాలంటే ఎంత పరిగెత్తినా అరఘడియ. అవ్వ అరిచేటప్పటికే అతను గోడ పక్కన ఉన్నాడు. శవాన్ని ఎవరు చూస్తారా అని కాపు కాశాడు.

"నావికుడు నీతో ఏమన్నాడు?"

అవ్వ మోకాళ్ళ మీద పాక్కుంటూ పోయి, ఆ అతుక్కున్న వేళ్ళని రెండు చేతులతో పట్టుకుంది.

"నేను రిన్ వారింట్లో దాదిగా ఉన్నాను దొరా, ఆ రోజుల్లో. వాళ్ళబ్బాయి సందాకి నా పాలే. పన్నెండేళ్ళవాణ్ణి చదువుకని చీనా పంపారు. అక్కడ రాజ్యం తలకిందులైంది. వీణ్ణి తీసుకొద్దామని వెళ్ళిన అయ్యగారు ఓడతో సహా మునిగిపోయారు, అమ్మగారు మశూచితో పోయారు. ఆరేళ్ళకి పిల్లాడు తిరిగొచ్చాడన్నారు. పరిగెత్తాను. గుమ్మంలోనే నిలబడి బట్టలూ, బియ్యం ఇప్పించి పంపేశాడు. దగ్గరికి రానివ్వలేదు. మొహం నిండా మచ్చలు. పెద్దవాడయ్యాడు, పెద్ద చదువులు చదివాడు, మరిచిపోయాడులే అనుకున్నా."

ఆమె ఏం చెప్పబోతోందో అప్పటికే నాకు అర్థమైంది. అయినా వినక తప్పదు.

"నిన్న మధ్యాహ్నం ఈ నావికుడు నా గంప ముందు నిలబడ్డాడు. 'ఊషీ, నాకు అంచుముక్క పెట్టవే' అన్నాడు. మన మాట దొరా, మన నాహా మాట! వేడి టోఫు దించితే సందా అంచుముక్క కోసమే ఏడ్చేవాడు. ఓడవాళ్ళతో మాట్లాడితే ముప్పై కొరడా దెబ్బలని దండోరా వేశారు గదా. భయమేసి గంప ఎత్తుకుని పరిగెత్తాను. నా పాలు తాగినవాడు పేరు పెట్టి పిలిస్తే, పారిపోయాను. వెనక నుంచి అరుస్తున్నాడు... 'సాయంత్రం దుంపల కొట్టు దగ్గర దుబాసీని కలిసి ఇంటికొస్తా, తలుపు తీసి ఉంచు' అని."

"తీసి ఉంచావా?"

"ఉంచాను. జల్లు ఇంట్లోకి కొట్టినా వెయ్యలేదు. రాలేదు."

నేను శవం చొక్కా అంచులు వెతికాను. ఎడమ చంక కింద అస్తరులో గట్టిగా ఏదో తగిలింది. కత్తితో కుట్లు విప్పితే వెండిపుల్ల బయటపడింది. మా వాళ్ళలో పెద్దింటి మగాళ్ళు ముడికి గుచ్చుకునే పుల్ల. పిల్లవాడి కొలతది. తలమీద రెండు చెట్లు పక్కపక్కన చెక్కివున్నాయి. చీనా రాతలో రెండు చెట్లు కలిపితే 'రిన్'.

ఇన్నేళ్ళూ తల మీద పెట్టుకోవడానికి వీల్లేని పుల్లని ఒంటికి కుట్టుకుని తిరిగాడు ఈ మనిషి.

"ఏడవకు అవ్వా," అన్నాను. "గోడవారకి పోయి కూర్చో. నేను చెప్పేదాకా మాట్లాడకు."

గుమ్మం దగ్గర అడుగుల చప్పుడైంది. రిన్ ఒక్కడే వచ్చాడు.

"దళపతి విడిదిలో లేడు. ఎటో వెళ్ళాడట, వస్తాడన్నారు. మరి మీ విచారణ..." శవం ఎడమ పాదం వైపు చూశాడు. విసనకర్ర ఆగిపోయింది.

"మూడు మాటలడుగుతాను దుబాసీ గారూ," అన్నాను. "మొదటిది. రెండో జాము తర్వాత వానలో చూశానన్నారు. ఇతని కుడిజోడు అడుగున ఎండుదుమ్ము ఉంది. కాపలావాళ్ళని అడిగితే కొట్టుకి దీపాలవేళే తాళం వేశామన్నారు, వాన ఆ తర్వాత మొదలైంది. తాళం పడ్డ కొట్టులో పొడి జోళ్ళతో ఉన్న శవం, రేవు మెట్ల దగ్గర సారా ఎలా తాగింది?"

రిన్ చూపు కుడిజోడు మీదికి పోయింది.

"రెండోది. మీ గొట్టం నీలంతాడు ఏమైంది?"

"తెగిపోయింది."

"దాని పోగు ఇతని మెడలో ఉంది." కాగితం విప్పి చూపించాను. తర్వాత వెండిపుల్లని అతని కళ్ళ ముందు పట్టుకున్నాను. "మూడోది. రిన్ వారి అబ్బాయి సందా ఇక్కడ పడున్నాడు. మరి మీరెవరు?"

బుకాయిస్తాడనుకున్నాను. కేకలు వేస్తాడనుకున్నాను. రిన్ దుంపల గుట్ట మీద మెల్లగా కూర్చున్నాడు. ఎండలో దూరం నడిచొచ్చినవాడిలా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఫూచౌలో మీ ఉచినావాళ్ళు దిగే సత్రం ఉంది," అన్నాడు. "దాని వంటమనిషి కొడుకుని. సందా, నేను ఒకే చాప మీద పడుకునేవాళ్ళం. మీ భాష నాకు నేర్పింది వాడే. కొత్తవంశం సైన్యం వచ్చింది. జుట్టు ఉంచుకున్నవాడికి తల ఉండదని చాటింపు. పరాయి దేశంవాళ్ళకి మాత్రం మినహాయింపు. సందాని బరువులు మొయ్యడానికి సైనికులు ఈడ్చుకుపోయారు. చచ్చాడనుకున్నాం. వాడి బట్టలూ, కాగితాలూ నా చేతిలో ఉన్నాయి. రేవులో మీ ఓడ ఉంది. నాకు పద్దెనిమిదేళ్ళు. నువ్వయితే ఏం చేసేవాడివి?"

"చంపేవాణ్ణి కాదు."

"పదహారేళ్ళు మీ రాజు ఉత్తరాలన్నీ నేనే రాశాను! మీ మర్యాద నిలబెట్టింది నేను. వాడు బతికుంటే ఇంత బాగా చేసేవాడా?" శవం వైపు వేలు చూపించాడు. "కోప్పడనైనా లేదు వాడు. ఇక్కడే నిలబడి నవ్వాడు. 'నువ్వు బతికే ఉన్నావా!' అని కౌగిలించుకున్నాడు. తర్వాత అడిగాడు... 'రాజుగారి దగ్గర నిజం చెప్పి నా పేరు నాకు ఇప్పించు' అని. ఆ ఒక్కటీ అడగకుండా ఉండాల్సింది."

గోడవారన అవ్వ మూలుగుతోంది. ఆ మనిషి ఏడుస్తున్నాడని అప్పుడే గమనించాను. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ ఏడుపు నిజమైనదే.

"లే," అన్నాను. "షురికి పద."

అతను కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ నాకు తెలిసిన రిన్ అయిపోయాడు.

"ఎలా తీసుకుపోతావ్? దళపతి వస్తాడు. ఏమైందని అడుగుతాడు. నీకు నోరు లేదు, ఆ నోరు నేనే. నన్ను తాకావంటే అతనికి నాలుగు మాటలు చెప్తాను. 'కొండ అవతల నలభై మంది యమాతో దొరలు దాక్కున్నారు' అని. అంతే. మీ రాజు, మీ పట్టాభిషేకం, మీ యాభై ఏళ్ళ నాటకం మొత్తం నా నాలుక చివర ఉంది. ఆ పడవవాడి తల ఇస్తావో, రాజ్యం ఇస్తావో నువ్వే తేల్చుకో."

"యమాతోవాళ్ళ పేరెత్తితే ముందు చచ్చేది నువ్వే!" అని అరిచాను. ఆ క్షణంలో నా గొంతు నా చేతిలో లేదు. "నలభై మంది కత్తులూ ముందు నీ గుమ్మానికే వస్తాయి!"

"రానీ! ఎలాగూ చచ్చేవాణ్ణి!"

తలుపు తెరుచుకుంది.

గావ్ దళపతి నిలబడి ఉన్నాడు. నెరిసిన మీసం, సన్నటి మనిషి. వెనక ఆరుగురు బల్లెగాళ్ళు, వాళ్ళ మధ్య కట్లతో జిరా. దళపతి చేతిలో పొగాకు గొట్టం ఉంది. దాన్ని గుమ్మానికి తట్టాడు. పడింది చల్లారిన బూడిద. ఒక దమ్ము పొగాకు మొత్తం కాలేంతసేపు అతను ఈ చెక్కగోడ అవతల చూరు కింద నిలబడి ఉన్నాడు.

అయితే ఏం? మేం మాట్లాడుకున్నది మా భాషలో. చీనావాడికి అది కాకుల గోల.

రిన్ చటుక్కున లేచి చేతులు జోడించి చీనాలో అందుకున్నాడు. రెండు ముక్కలు అయ్యేలోపే దళపతి చెయ్యెత్తి ఆపాడు. శవం దగ్గరికి పోయి, మెడ మీద గీత చూశాడు. అతుక్కున్న వేళ్ళు చూశాడు. నా చేతిలో వెండిపుల్ల చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి జిరా ముందు నిలబడి, మెత్తగా ఏదో అడిగాడు.

జిరా మొహం వెలిగిపోయింది. పొద్దుట్నించి తన్నడమే తప్ప తన మాట పట్టించుకున్నవాళ్ళు లేరు. ఇప్పటికి ఒక పెద్దమనిషి తనకి తెలిసిన మాటలో సూటిగా అడిగాడు. వాడు దడదడా చెప్పుకుపోయాడు.

"నేను కాదు దొరా! నేను చంపలేదు! మా అమ్మ మీద ఒట్టు!"

ఒక్క క్షణం నాకు ఏమీ తట్టలేదు. మరుక్షణం తెలిసింది.

దళపతి అడిగింది చీనా భాషలో కాదు. మా భాషలోనూ కాదు. 'నువ్వేనా ఇతన్ని చంపింది' అని స్వచ్ఛమైన యమాతో భాషలో, నాగసాకి రేవు యాసలో అడిగాడు. జిరా అదే భాషలో జవాబిచ్చాడు.

వాడి నోరు మూయడానికి రిన్, నేను ఒకేసారి దూకాం. అతని చెయ్యి జిరా పెదాల మీద, నా చెయ్యి అతని చెయ్యి మీద పడ్డాయి. అక్కడే బిగుసుకుపోయాం. తల తిప్పి చూస్తే, దళపతి జిరాని చూడటమే లేదు. మా ఇద్దర్నీ చూస్తున్నాడు. మేం కదలకుండా నిలబడివుంటే ఒక పడవవాడికి రెండు పరాయి ముక్కలు వచ్చునని సర్దిచెప్పుకునేవాళ్ళం. ఇద్దరం దూకి ఆ దారి కూడా మూసేశాం.

అతను తన మనుషులకి చీనాలో ఒక్క మాట చెప్పాడు. తలుపు మూసి లోపలినుంచి గడియ పెట్టారు.

"నాగసాకిలో పదకొండేళ్ళు పట్టు అమ్మాను," అన్నాడు గావ్ యమాతో భాషలోనే, పొగాకు గొట్టం నడుముకి దోపుకుంటూ. "మీ భాష సగమే తెలిసింది. ఆ సగంలో 'యమాతో' అని రెండుసార్లు, 'నలభై' అని రెండుసార్లు వినబడింది."

దుంపల గుట్ట మీద, రిన్ ఇందాక కూర్చున్న చోటే కూర్చున్నాడు.

"హంతకుడెవరో తర్వాత చూద్దాం. ఆ నలభై మందీ ఏ ఊళ్ళో ఉన్నారు? మీ ఇద్దరిలో ఎవరు చెప్తారు?"